బిందె ఆటకు రెండు నక్షత్రాలు

అయినా రెండు నక్షత్రాలు అన్యాయమేమీ కాదు, కోపంతో ఇచ్చినవి కావు, ఎవరో చెబితే ఇచ్చినవి అసలే కావు. ప్రభుదాసు తన నియమం ప్రకారం ఆ ఆటను మూడుసార్లు ఆడాడు. ప్రతిసారీ బిందె పొంగిపోవడమో సగంలోనే ఆగిపోవడమో జరిగింది. తెర మీద ఒక ఇత్తడి బిందె, దాని పైన నల్లా. లోపలి నీళ్లు కనబడవు. సరిగ్గా నిండినప్పుడు నల్లా కట్టాలి. ఎప్పుడు నిండిందో తెలిపే గుర్తు ఎక్కడా లేదు. గుర్తే లేనప్పుడు ఆడేవాడి నేర్పుతో పనేముంది? అదే రాశాడు, ఇది కేవలం అదృష్టం అని. ఆ వాక్యంలో తప్పేముంది?

ఆ సమీక్ష చూసి వచ్చిన ఈమెయిలును ప్రభుదాసు నాలుగోసారి చదివాడు.

శనివారం మధ్యాహ్నం. గద్వాలలో గౌస్ పాషా నెట్ సెంటర్ అంటే అతని ఇంటి ముందు గదే. నాలుగు కంప్యూటర్లు, వాటి వెనక ఒక పచ్చ పరదా, పరదా వెనక ఇల్లు. కిటికీ పక్కన ఉన్న కంప్యూటర్ మూడేళ్లుగా ప్రభుదాసుదన్నట్టే లెక్క. జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో గాజు సామాను కడిగి, సర్ది, తాళం వేసి ఇక్కడికి వస్తాడు. బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే చిన్న చిన్న ఆటలు ఆడి తన బ్లాగులో సమీక్షలు రాస్తాడు. రోజుకు నలభై మంది చదువుతారు. పేజీ పైన, ‘మేము ఎవరి దగ్గరా ఏమీ తీసుకోము, ప్రతి ఆటనూ మూడుసార్లు ఆడాకే తీర్పు చెబుతాము’ అని ఉంటుంది. ఆ ‘మేము’ అతనొక్కడే. ఎవరూ తనను ఏమీ అడగని జీవితంలో, అడగకుండానే నిజాయితీగా ఉండగలిగిన చోటు ఇదొక్కటే అని అతని నమ్మకం.

ఈమెయిలు రాసింది యమున. వనపర్తిలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది. బిందె ఆట ఆమే తయారు చేసింది. వాళ్ల సెంటర్ వెబ్‌సైట్లో పెట్టారు. సమీక్ష చదివిన యజమాని, ఇలాంటి ఆట వల్ల మన పేరు పోతుంది, సోమవారం తీసేస్తానన్నాడట. ఆమె బతిమాలలేదు, నక్షత్రాలు పెంచమనీ అడగలేదు. చివర ఇలా రాసింది: "కోపం జెయ్యకుండ్రి సార్. ఒక్క మాట అడుగుత. మీకు ఆ సప్పుడు ఇనరాలేదా?"

సప్పుడు.

ఆట మొదటి పేజీలో చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న ఒక స్త్రీ బొమ్మ ఉంది. ఆమె ఎవరి కోసం ఎదురుచూస్తోందో ఆట పూర్తయినా తెలియదని సమీక్షలో వెక్కిరించాడు కూడా. ఆ ముక్క బాగుందని ఇద్దరు వ్యాఖ్యలు రాశారు. వాళ్లు ఆట ఆడి ఉండరు.

ఈ కంప్యూటర్లకు స్పీకర్లు లేవు. పరదా వెనక గౌస్ పాషా తల్లి సుల్తానాబీ మంచం. ఆమెకు తలనొప్పి జబ్బు, చిన్న శబ్దానికే నిద్ర చెడుతుంది. అందుకే మూడేళ్ల కింద స్పీకర్లన్నీ తీసి అటక మీద పెట్టాడు. ప్రభుదాసు ఇక్కడికి రావడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. మిగతా కుర్రాళ్లు సణిగేవారు. అతనికి మాత్రం ఏదో లోటుందని తట్టలేదు. పగలు మాట్లాడని గాజు సీసాలు, ఇంట్లో మాట్లాడని గోడలు, మధ్యలో మాట్లాడని ఆటలు. లోకం ఇలాగే ఉంటుందనుకున్నాడు. తన మౌనాన్నే ఆటల మౌనమని పొరబడ్డాడు.

లేచి వెళ్లి, ఒక్క స్పీకర్ దొరుకుతుందా అని గౌస్ పాషాను అడిగాడు.

"మూడేండ్లల్ల ఒక్కనాడు పాట వెట్టమనలె నువ్వు. ఇయ్యాల ఏమైందన్నా, పెండ్లి గిట్ల కుదిరిందా?"

"పాట కాదు భాయ్. నీళ్ల సప్పుడు ఇనాలె."

గౌస్ పాషా అతని ముఖం చూసి స్టూలు ఎక్కాడు. అటక మీది డబ్బా దించి, దుమ్ము దులిపి, స్పీకర్ తగిలించాడు. అమ్మీ ఇప్పుడే లేచింది, జర మెల్లగ పెట్టుకో అని మాత్రం చెప్పాడు.

ఆట తెరుచుకోవడానికి ఆరు నిమిషాలు పట్టింది. ప్రభుదాసు నల్లా తిప్పాడు. మొదట ఖాళీ ఇత్తడి మీద నీళ్లు దబదబ పడ్డాయి. కాసేపటికి ఆ మోత లోతు తగ్గింది. గొంతు సన్నబడి, పైకి, ఇంకా పైకి పోతోంది. రోజూ పొద్దున అతను బిందెకు వీపు పెట్టి పళ్లు తోముకుంటూ, వెనక్కి చూడకుండా నల్లా కట్టేది ఈ గొంతు వినే కదా. చెయ్యి మౌసు మీద ఉంది. కానీ కదలలేదు.

పరదా వెనక నుంచి సుల్తానాబీ గొంతు వినిపించింది.

"గౌసూ, బిందె నిండింది. నల్లా బంద్ జెయ్‌రా."

గౌస్ పాషా నిజంగానే లోపలికి రెండడుగులు వేశాడు. తర్వాత ఆగి, తిరిగి ప్రభుదాసు వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తెర మీద బిందె పొంగింది.

ప్రభుదాసు కుర్చీలో వెనక్కి వాలాడు. రెండును నాలుగు చేసేస్తే చాలు. ఎవరూ గమనించరు, ఆట నిలుస్తుంది, అతని పేరూ నిలుస్తుంది. కానీ అలా చేస్తే యమున అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. జవాబు చెబితే? ఇదొక్కటే కాదు, ఇప్పటిదాకా రాసిన డెబ్బై ఒక్క ఆటలూ అతను చెవులు మూసుకుని ఆడినవే. వాటిలో ఎన్ని అరిచాయో, ఎన్ని పాడాయో, ఎన్ని హెచ్చరించాయో! నిజాయితీ అనుకుని ఇన్నాళ్లూ కూర్చున్నది ఒక మూసిన గదిలో. తలుపు తీస్తే ఆ నలభై మంది నవ్వుతారు. నవ్వకుండా వెళ్లిపోతారేమో, అది ఇంకా భయం.

పరదా అవతల సుల్తానాబీ కొడుకు మీద సణుగుతూనే ఉంది, నీళ్లు పారబోస్తున్నావని.

అతను సమీక్ష పేజీ తెరిచాడు. రెండు నక్షత్రాలను తుడిచేశాడు, వాటి స్థానంలో ఇంకా ఏమీ పెట్టలేదు. అన్నిటికంటే పైన, ‘మేము’ అని మొదలుపెట్టి, చెరిపి, ‘ఈ ఆటను, ఇక్కడున్న ఆటలన్నిటినీ, నేను శబ్దం లేకుండానే ఆడాను’ అని రాశాడు. ఒకసారి చదువుకుని, ప్రచురించే బటన్ నొక్కాడు.