బిగుసుకున్న తలుపు

నేను పుట్టిన ఊరిని మా ఆయనకి చూపించడంలో ఇంత సరదా ఉంటుందని పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. ఆయన పని పాత కట్టడాలను పరీక్షించడం, ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పడం. మేం మొదటిసారి కలిసినప్పుడు నా మొహం కన్నా ఆ హోటలు పైకప్పునే ఎక్కువసేపు చూశారు. ఇప్పుడు ఒక కమానుని చూస్తే ఒకసారి నన్నూ చూస్తున్నారు. నాకు అది చాలు.

పొద్దున్నుంచీ వీధులన్నీ తిరిగాం. చిన్నప్పుడు బడికి ఆలస్యమవుతోందని తలవంచుకుని పరిగెత్తిన వీధులే. పోస్టాఫీసు చూరు కింద రాతి ద్రాక్షగుత్తులున్నాయని నాకిన్నాళ్ళూ తెలియదు. బ్యాంకు మెట్ల పక్కన రాతి సింహం కాలికి ఎవరో గోళ్ళరంగు వేశారు. వీధిలో నిలబడి ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

అదే హుషారులో బాబాయి ఇంటికి వెళ్ళాం. బాబాయి వడ్రంగం చేస్తాడు. కింద కొట్టు, పైన కాపురం. ఆదివారం కాబట్టి కొట్టు మూసి ఉంది.

"రావే గిలక్కాయా," అని నా పాతపేరు పెట్టి పిలిచి, మా ఆయన వైపు తిరిగాడు. "అల్లుడుగారూ, చెవులు ఇంకా పనిచేస్తున్నాయా?"

"ఒకటి పనిచేస్తోంది మామయ్యగారూ," అన్నారు మా ఆయన. పిన్ని నవ్వలేక కూర్చుండిపోయింది.

ఇంట్లో తలుపులన్నీ టేకువి, అన్నీ బాబాయి చేతివే. మా ఆయన వాటిని నిమిరి చూస్తుంటే బాబాయి మురిసిపోయాడు. ఊళ్ళో వాళ్ళందరూ తలుపు బిగుసుకుంటే దాన్ని తంతారట. ఇక్కడ మాత్రం పొద్దున బిగిసిన తలుపు మధ్యాహ్నానికల్లా ఊడి, చిత్రిక పట్టించుకుని, మళ్ళీ తన చోటికి చేరుతుందట. ఈ మధ్య ఒకదాని తర్వాత ఒకటి అన్నీ బిగుసుకుంటున్నాయి. చెక్కకి మదం ఎక్కిందని బాబాయి అన్నాడు. తలుపులు చిక్కిపోతుంటే ఈయన పొట్ట మాత్రం పెరుగుతోందని పిన్ని అంది.

నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. వంటింటి తలుపు పైఅంచు దగ్గర ఆగిపోయారు. చిత్రిక పట్టీపట్టీ ఆ అంచు ఒక పక్కకి ఏటవాలుగా దిగిపోయింది. వానలు పడ్డాయా అని అడిగారు. నెలల తరబడి చినుకు లేదన్నాడు బాబాయి. సరిగ్గా ఈ గదుల కింద ఏముందని మళ్ళీ అడిగారు. బాబాయి ఉత్సాహంగా చెప్పాడు: కొత్త రంపం మిషను పట్టక కొట్టు నడిమి గోడ తీసేయించాడట, ఇప్పుడు బండి తోలుకెళ్ళొచ్చట.

మా ఆయన పెదవుల మీద నవ్వు ఉంది, కళ్ళలో లేదు.

ఈలోపు పిన్ని నాకోసం కుట్టిన బొంత తేవడానికి లోపలిగదిలోకి వెళ్ళింది. గాలికి తలుపు దభీమని పడింది. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"మళ్ళీ బిగిసిందండీ. మీ తోపడా పట్రండి."

బాబాయి హుషారుగా లేచాడు. కొత్త అల్లుడికి పనితనం చూపించే అవకాశం వచ్చింది కదా. చిత్రిక పట్టే తోపడాతో పాటు ఉలి కూడా తెచ్చాడు. పై అంచున కాస్త తొలిస్తే చాలు, వచ్చేస్తుందన్నాడు. నేను ద్వారబంధం పైకి చూశాను. గోడ నుంచి పిండిలాంటి తెల్లటి పొడి సన్నగా రాలుతోంది. రాలడం ఆగడం లేదు.

"మామయ్యగారూ, దాన్ని ముట్టుకోకండి," అన్నారు మా ఆయన.

బాబాయి మొహం మాడిపోయింది. "నా తలుపుని నేను ముట్టుకోకూడదా?"

మా ఆయన గొంతు పెంచకుండానే చెప్పారు. చెక్క ఉబ్బలేదు, పైన దూలం కిందికి దిగింది. ఇన్నాళ్ళూ కింది గోడ మోసిన బరువుని ఇప్పుడు ఈ తలుపు మోస్తోంది. తొలిస్తే పైదంతా పిన్ని ఉన్న గదిలోకి వస్తుంది.

బాబాయి పొడిగా నవ్వాడు. పుట్టినప్పటినుంచీ చెక్కతోనే కాపురం చేస్తున్నానని, పుస్తకాలతో కాదని అన్నాడు. ఉలిని అంచుకి ఆనించాడు. మా ఆయన నా వైపు చూశారు. బాబాయిని అడ్డుకోగలిగేది నేనొక్కదాన్నే.

బాబాయి ఏ చెక్కనీ చెవి పెట్టి వినకుండా కొనడు. వేలితో కొట్టి, చెంప ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. చిన్నప్పుడు ఆయన వెనకాలే నేనూ అలా చేసేదాన్ని.

"బాబాయ్, కొనేటప్పుడు వింటావు కదా. దీన్నీ ఒక్కసారి విను."

విసుక్కుంటూనే చెంప ఆనించాడు. వేలితో కొట్టాడు. టేకు ఎప్పుడూ పలికే నిండు గొంతు కాదది. తెగేదాకా బిగించిన తీగలా సన్నగా, పైకి పలికింది. బాబాయి కళ్ళు తెరిచాడు. మొహంలో నెత్తురు లేదు. ఉలిని నిద్రపోతున్న పసిబిడ్డని దించినట్టు నేలమీద పెట్టాడు.

"ఏవండీ, ఇంకా ఎంతసేపు?" లోపల్నుంచి పిన్ని. "కొత్త అల్లుడి ముందు నన్ను బంధించారన్న పేరొస్తుంది."

"తలుపు దగ్గరికి రాకు," అన్నాడు బాబాయి. ఆ గొంతు ఆయనది కాదనిపించింది. "వీధివైపు బాల్కనీలోకి పో. మెల్లగా నడు."

లోపల బాల్కనీ తలుపు మెల్లగా తెరుచుకున్న చప్పుడైంది.

ముగ్గురం గోడవారగా మెట్లు దిగాం. కొట్లోంచి నిచ్చెన తీసి బాల్కనీకి ఆనించాం. బాబాయే ఎక్కాడు, మరెవర్నీ ఎక్కనివ్వలేదు. మా ఆయన పక్కిళ్ళ తలుపులు తట్టి అందర్నీ బయటికి రమ్మంటున్నారు. పిన్ని బొంతని మెడ చుట్టూ చుట్టుకుని, బాబాయి పాదం పెట్టమన్న చోటల్లా పాదం పెడుతూ దిగింది. నేల మీద కాలు పెట్టాక బాబాయి చెయ్యి వదల్లేదు.

వీధిలో గుంపు చేరింది. నిక్షేపంలా ఉన్న ఇంటిని చూసి భయపడతారేమిటని ఒకాయన నవ్వాడు. నిజమే, బయటికి ఏమీ కనిపించడం లేదు. కిటికీ అద్దాల్లో ఆకాశం హాయిగా ఉంది.

లోపల చెక్క మూలిగింది. నవ్విన మనిషి నవ్వు ఆపేశాడు.

"టేకు," అన్నాడు బాబాయి, ఎవరితోనో తెలియదు. "దాన్ని నేనే చేశాను. అంత తేలిగ్గా లొంగదు."

మా ఆయన నా చెయ్యి పట్టుకుని, పిన్నినీ బాబాయినీ కూడా ఇంకాస్త వెనక్కి లాగారు.