మొదటి ట్రంపెట్

పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక మనిషి రొట్టెను పాలలో నానబెట్టి చెంచాతో తింటున్నాడు. వయసు ముప్ఫై ఎనిమిది. పళ్ళన్నీ ఉన్నాయి. జ్వరం లేదు. ఎదురుగా ఆరేళ్ల కూతురు తన రొట్టెను కరకరా నములుతూ పకపకా నవ్వింది.

"అమ్మా, నాన్న బుజ్జిపాపాయి అయిపోయాడు చూడు!"

తల్లీ నవ్వింది. అతనూ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. కుడి చెవి ముందు రెండు వేళ్లు పెట్టి గట్టిగా నొక్కుకున్నాడు. అక్కడ ఎముక టిక్కుమంది. ఆ చప్పుడు బల్లకి అవతల కూర్చున్న అతని అన్నకి కూడా వినిపించింది. అన్న చేతిలో ఉన్న పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఒక ఇల్లు, ఒక ఉదయం, ముగ్గురి నవ్వు. ఇందులో తప్పేముందని చదివేవారికి అనిపించవచ్చు. తప్పు ఆ పేపరు వెనక ఉంది. ఈ కథ ఆ పేపరు వెనకున్న మనిషిది.

అతను బ్యాండు మాస్టరు. పదహారు మంది బ్యాండు. దుకాణం తెరిచినా, ఆటల పోటీ జరిగినా, పెద్దమనిషి పోయినా ఆ ఊళ్లో వాళ్లనే పిలుస్తారు. తమ్ముడు అందులో మొదటి ట్రంపెట్. అంటే పాట పైస్థాయికి వెళ్లినప్పుడు మిగతావాళ్లంతా కింద ఉంటారు, ఆ పైన ఒక్కడే ఉంటాడు. అతని ఊపిరి తప్పితే పాటే తప్పుతుంది.

ఆ స్థానం ఒకప్పుడు అన్నది. తొమ్మిదేళ్ల కిందట అందరి ముందూ ట్రంపెట్ తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. తాను ఇత్తడి పొన్ను ఉన్న కర్ర పట్టుకుని ముందు నడవడం మొదలుపెట్టాడు. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ని పెంచిందీ అతనే. ఇక చూసుకోండి, ఊరంతా ఒకటే పొగడ్త. అన్నంటే అలా ఉండాలన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా అతను తల వంచుకునేవాడు. వినయం అనుకున్నారు.

వినయం కాదు. అతనికి దవడ పోయింది.

పంతొమ్మిదేళ్లుగా నొప్పి. చెవి దగ్గర మొదలై కణతకి పాకి కన్ను వెనక్కి వెళ్లేది. పైస్థాయి అందక, ట్రంపెట్ మూతిని పళ్ళకేసి నొక్కి నొక్కి ఊదేవాడు. నొక్కిన కొద్దీ స్వరం వచ్చేది, దవడ పోయేది. చివరికి స్వరం కూడా రాలేదు. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, అతని భార్య. తలుపు గడియ వేసి దవడకి వేడి గుడ్డ కాపడం పెట్టేది. "ఆ పిల్లాడికి చెప్పండి. మీలాగ నొక్కి ఊదొద్దనండి" అనేది. "చెప్తాలే" అనేవాడు. చెప్పలేదు. బ్యాండు మాస్టరుకి నోరు పనిచెయ్యదంటే ఎవడు లెక్కచేస్తాడు? ఆమె పోయి ఆరేళ్లయింది. బతికుండగా ఆమె మాట చెవిన పెట్టని మనిషికి ఇప్పుడు రోజూ అవే మాటలు చెవిలో పడుతున్నాయి. తగిన శాస్తే.

తమ్ముడికి నొప్పి మొదలై ఎనిమిది నెలలైంది.

ఆ సాయంత్రం సాధన గదిలో అతను పాట మధ్యలో ట్రంపెట్ దించేశాడు. కుడి చెంప ఉబ్బి ఉంది. పక్కనే పెద్ద బాకా ఊదే లావుపాటి మనిషిని అందరూ పీపా అంటారు. అతను ఊరుకోలేదు.

"ఏం చిన్నోడా, మా చెల్లెమ్మ చెంప ఛెళ్లుమనిపించిందా? ఏం చేశావేంటి?"

గదంతా గొల్లుమంది. తమ్ముడు నవ్వలేదు.

"అన్నయ్యా, దవడ పట్టేస్తోంది. ఒక్క నెల రెండో ట్రంపెట్ ఊదుతాను. తర్వాత మళ్లీ నేనే ఊదుతా."

"నెలా? పదిరోజుల్లో వంతెన ప్రారంభంరా. స్టేషన్ దగ్గర్నుంచి వంతెన దాకా నడుస్తూ ఊదాలి. నువ్వు కాకపోతే ఎవరు?"

"మీరే ఊదండి మాస్టారూ!" అన్నాడు పీపా. వేళాకోళం కాదు, ప్రేమగానే అన్నాడు. "మీ ఊదుడు విని తొమ్మిదేళ్లయింది. చెవులు తుప్పుపట్టాయి."

అందరూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు కూడా ఆశగా అన్న మొహంలోకి చూశాడు.

 ఆ క్షణంలో ఒక్క నిజం చెబితే సరిపోయేది. నాకూ ఇదే నొప్పిరా, ట్రంపెట్ దించెయ్, అంటే చాలు. పది మాటలు కూడా లేవు. దానికి బదులు అతను గొంతు పెంచాడు.

"నొప్పి లేనిది ఎవడికి? నేను ఊదినప్పుడు నాకు లేదా? ఒక్కనాడైనా మీకు చెప్పానా? రెండు పూటలా సాధన మానేసి పెళ్లాం పక్కన పడుకుంటే దవడే కాదు, అన్నీ పట్టేస్తాయి. ఎత్తు ట్రంపెట్!"

మళ్లీ నవ్వులు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. ట్రంపెట్ ఎత్తాడు.

పిరికివాడు ఒక్కోసారి ఇలాగే అరుస్తాడు. ఆ అరుపునే క్రమశిక్షణ అనుకుని చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపుతారు.

వంతెన ప్రారంభం రోజు ఎండ బాగా కాసింది. ఆ బ్యాండులో ఒక ఆనవాయితీ ఉంది. బయలుదేరే ముందు మాస్టరు వరస వెంట నడిచి ఒక్కొక్కరి టోపీ పట్టీ తన చేత్తో బిగిస్తాడు. గడ్డం కింద నుంచి వచ్చే తోలు పట్టీ అది. తమ్ముడి దగ్గరికి వచ్చి అతను ఆగాడు. చుట్టూ చూసి, రెండు రంధ్రాలు ఎక్కువ లాగి బిగించాడు.

"అన్నయ్యా, ఊపిరాడట్లేదు."

"ఊదడానికి ముక్కుతో కాదుగా పని. దవడ కదలకుండా పట్టి ఉంచుతుంది. నొప్పి తెలియదు, నా మాట విను."

"నీకెలా తెలుసు?"

"తెలుసులే."

నిజంగానే తెలుసు. పదేళ్లు అతను అలాగే బిగించుకుని ఊదాడు. నొప్పి తెలియని మాట అబద్ధం. దవడ వెనక్కి తోసుకుపోయి, కీలు నలిగి, నొప్పి రెండింతలయ్యేది. అదీ తెలుసు. అయినా బిగించాడు. ఆ ఒక్క రోజు గడిస్తే చాలనుకున్నాడు. ఎవరి కోసం గడవాలో తనని తాను అడగలేదు.

మొదటి పాట బాగానే సాగింది. రెండోదానిలో పైస్వరం పగిలింది. జనానికి తెలియలేదు. ముందు నడుస్తున్న మాస్టరు వీపుకి తెలిసింది. వెనక్కి తిరగలేదు. కర్ర ఇంకా ఎత్తుగా ఊపాడు. వంతెన మీద ఆఖరి పాటలో ఆఖరి స్వరం పట్టి నిలపాలి. తమ్ముడు నిలిపాడు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతుంటే నిలిపాడు. పొంగిపోయి ఏడుస్తున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

పాట అయ్యాక ఎవరో నీళ్లిచ్చారు. నీళ్లు లోపలికి పోలేదు. గడ్డం మీదుగా చొక్కాలోకి కారిపోయాయి. అతని నోరు వేలు మందం కూడా తెరుచుకోవడం లేదు.

"నాటకాలాడకు. అంతా చూస్తున్నారు" అన్నాడు అన్న. అతని నోట వచ్చిన మొదటి మాట అదే. తర్వాత ఎన్ని మాటలన్నా అది చెరగలేదు.

పీపానే ముందు పట్టీ విప్పాడు. చర్మం మీద బకిల్ గుర్తు ఎర్రగా దిగి ఉంది.

పళ్ళ డాక్టరు ఒక నడివయసు ఆవిడ. మాటలు తక్కువ. చెవుల ముందు వేళ్లు పెట్టి చూసింది. నోట్లో చిన్న స్కేలు పెట్టి కొలిచింది. దవడకి స్కాన్ తీయించింది.

"ఎన్నాళ్లుగా ఉంది?"

తమ్ముడు మాట్లాడలేడు. అతని భార్య చెప్పింది. "ఎనిమిది నెలలండీ. పాలరొట్టె తింటుంటే నేను కూడా నవ్వానండీ." 

"కీలులో ఉండే మెత్తటి బిళ్ల పక్కకి జరిగి ఇరుక్కుంది. మొదటి నెలలోనే ఊదడం తగ్గించి, మెత్తటి తిండి తిని, వేడి కాపడం పెట్టి, నిద్రలో పళ్ళకి ప్లాస్టిక్ తొడుగు పెట్టుకుంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఊదేవాళ్లకి ఇది వచ్చే జబ్బే, కొత్తదేం కాదు. గడ్డం కింద ఈ గుర్తు పడేలా పట్టీ బిగించిన మహానుభావుడెవరు?"



"నేనే" అన్నాడు మాస్టరు చివరికి. "ఇంతవుతుందని అనుకోలేదమ్మా. ఏదో కాస్త నొప్పే కదా అని..."

డాక్టరు అతని మొహం కేసి చూసింది. మాటలు వింటున్నట్టు లేదు, నోటినే చూస్తోంది.

"మాట్లాడేటప్పుడు మీ దవడ ఎడమకి పోతోంది. మీకెన్నేళ్లుగా ఉంది?"

 మాస్టరు తమ్ముడి కేసి చూడలేదు. నేల కేసి చూశాడు.

"పంతొమ్మిదేళ్లు."

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న తమ్ముడు మెల్లగా లేచి కూర్చున్నాడు. పళ్ళ సందులోంచి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అడిగాడు.

"అందుకేనా... మొదటి ట్రంపెట్... నాకిచ్చావ్?"

ఊరు వినయం అనుకున్న ఆ తల మళ్లీ వంగింది.  ముప్ఫై ఏళ్లు తండ్రి అనుకున్న అన్నని చూసి, తమ్ముడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక మాస్టరు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మరదలు పండు గుజ్జు చేసి గుడ్డలో వడగడుతోంది. గొట్టంతో పీల్చుకుని తాగాలని డాక్టరు చెప్పింది.

"అమ్మా, వాడి కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"కాళ్లెందుకు బావగారూ? పాడైంది దవడ కదా." ఆమె తల ఎత్తలేదు. "అక్కయ్య బతికుండగా నాతో ఒకసారి అంది, మీ బావగారు నోరు విప్పితే బాగుండునే అని. మాట తక్కువ మనిషని అంటోందనుకున్నాను. ఆవిడ ఏం దాచుకుని ఏడ్చిందో ఇవాళ అర్థమైంది."

ఆమె గుడ్డని గట్టిగా పిండింది.

"ఈయనకి మీరు క్షమాపణ చెప్పొద్దు. ఇంట్లో నలుగురి మధ్య చెప్పి, కళ్లు తుడుచుకుని, తేలికపడిపోతారు. మిగతా వాళ్లున్నారుగా, రేపు మళ్లీ వాళ్ల పట్టీలు బిగించేది మీరేగా. వాళ్లకి చెప్పండి."

మర్నాడు సాయంత్రం సాధన గదికి అందరూ వచ్చారు. తమ్ముడు కూడా వచ్చి తలుపు పక్కన కూర్చున్నాడు. దవడ చుట్టూ గుడ్డ. మాస్టరు ఒక్క మాట చెప్పకుండా తమ్ముడి ట్రంపెట్ పెట్టె తెరిచి, ట్రంపెట్ తీసి, వంతెన మీద ఊదిన ఆఖరి స్వరం ఊదాడు.

స్వరం రాలేదు. తడి గుడ్డ చిరిగిన చప్పుడొకటి వచ్చింది. మళ్లీ ఊదాడు. మళ్లీ అదే. మూడోసారి దవడ టిక్కుమన్న శబ్దం గది అవతలి గోడ దాకా వినిపించింది. ప్రతిదానికీ నవ్వే పీపా నవ్వలేదు.

"ఇదీ మీ మాస్టరు ఊదుడు" అన్నాడతను. "తొమ్మిదేళ్ల కిందటే పోయింది. త్యాగం అని మీరన్నారు. అనిపించుకున్నాను. వీడు మీ అందరి ముందూ నొప్పి అని అడిగితే, మీరు నన్ను ఊదమన్నారు. ఊదితే నా గుట్టు బయటపడుతుందని వీణ్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను. పట్టీ బిగించాను. తెలియక చెయ్యలేదు. బాగా తెలిసే చేశాను."

 పీపా తన బాకా కింద పెట్టాడు.

"నాకు మెడ పట్టేసి రెండేళ్లయింది మాస్టారూ. ఎడమ చెయ్యి తిమ్మిరి. చెబితే నవ్వుతారని నేనే ముందు అందర్నీ నవ్విస్తున్నాను."

రెండో ట్రంపెట్ మనిషి పై పెదవి ఎత్తి చూపించాడు. లోపల పుండు. మరొకడికి ముందుపన్ను కదులుతోంది. ఇంకొకడికి చెంప సగం మొద్దుబారిపోయింది. పదహారు మందిలో పదకొండు మందికి ఏదో ఒక నొప్పి. ఏళ్ల తరబడి భుజం భుజం రాసుకుంటూ నడిచారు. ఒకడి బాధ ఒకడికి తెలియదు.

ఆ వారమే డాక్టరు వచ్చి అందర్నీ చూసింది. సాధన సగానికి సగం తగ్గింది. రెండు పాటల మధ్య విరామం వచ్చింది. ఎక్కడైనా, ఎంత జనం ముందైనా, నొప్పి అన్నవాడు వరసలోంచి పక్కకి రావచ్చు, ఎవరూ కారణం అడగరు. మాస్టరు పట్టీలు బిగించడం మానేశాడు.

తమ్ముడి నోరు మూడు నెలలకి రెండు వేళ్ల మందం తెరుచుకుంది. మెత్తటి రొట్టె నమలగలడు. రోజుకి పావుగంట కింది స్వరాలు ఊదుకోవచ్చంది డాక్టరు. పైస్వరాల మాట ఎత్తలేదు. అతనూ అడగలేదు. బ్యాండుకి వస్తాడు, కొత్తవాళ్లకి నొక్కకుండా ఊదడం నేర్పుతాడు. అన్నతో పని ఉంటే మాట్లాడతాడు. మాస్టారూ అని పిలుస్తాడు. అన్నయ్యా అన్న పిలుపు వంతెన ప్రారంభం రోజే ఆగిపోయింది. అది తిరిగి వస్తుందని ఆశ పెట్టి చదివేవారిని మోసం చెయ్యడం ఈ కథ పని కాదు.

కొత్తగా బ్యాండులో చేరడానికి వచ్చినవాళ్లని మాస్టరు మొదటిరోజు ఎదురుగా కూర్చోబెట్టుకుంటాడు. తను చేసినదంతా, ఏదీ దాచకుండా, మొదటినుంచి చెబుతాడు. ప్రతిసారీ చెప్పడం కష్టంగానే ఉంటుంది. ఆ కష్టం తగ్గకూడదనే చెబుతాడు. ఆఖరున ఇలా అంటాడు:

"రేపు మీరూ ఎక్కడో ఒకచోట నలుగురికి పెద్దవాళ్లవుతారు. అప్పుడు ఎవడైనా నొప్పిగా ఉందంటే, నేను ఓర్చుకోలేదా అని మీ గొప్ప చెప్పకండి. ముందు వాడి చేతిలో పని దింపించి కూర్చోబెట్టండి, నిజమా కాదా అన్నది తర్వాత చూసుకోవచ్చు."