నలభై అంగలు

మచిలీపట్నం ఆఫీసులో, సముద్రపు కోతను లెక్కగట్టే నా కంప్యూటర్ మోడల్‌లో దివిసీమ తీరం ఐదేళ్లుగా కదలలేదు. ఉపగ్రహం తీసిన చిత్రాల్లో మాత్రం సముద్రం లోపలికి వచ్చింది. రెండు లెక్కలు కలవనప్పుడు నేను నేల మీది కొలతనే నమ్మాను.

ఆ కొలత శోభనాద్రి అనే జాలరిది. ఒడ్డున మేం పాతిన రాయి నుంచి నీటి దాకా ఎన్ని అంగలో ప్రతి అమావాస్యకీ ఫోన్ చేసి చెప్పేవాడు. తుపానుల కాలంలో నలభై కాస్తా ఐదయ్యేది. తర్వాత మళ్లీ నలభై. పోయిన ఇసుకను కృష్ణా నది తిరిగి తెస్తోందనుకున్నాను. లెక్క కుదిరేదాకా మోడల్‌లో నది ఇసుకను పెంచుతూ పోయాను. కుదిరిన రోజు సంతోషించాను కూడా.

సముద్రానికి అడ్డంగా రాళ్ల కట్ట ఏ ఊళ్లకు వేయాలో ఆ మోడల్‌ని బట్టే తేలుస్తారు. శోభనాద్రి ఊరు జాబితాలో లేదు. సంతకం పెట్టేముందు ఒకసారి చూసొద్దామని వెళ్లాను.

రాయి అతని వంటపాక పక్కన ఉంది.

"మేం పాతింది ఇక్కడేనా?"

"కాదు మేడం. అదిగో, ఆ పడవకి ఇవతల." సముద్రంలోకి చూపించాడు. "నీళ్లు దగ్గరకొచ్చినప్పుడల్లా తీసి వెనక పాతానండీ. నాలుగు సార్లు."

"ఎందుకు?"

"గవర్నమెంటు రాయి కదండీ. మునిగితే నన్నడగరూ?"

"బియ్యం డబ్బా జరపమంటే నడుం నొప్పంటాడండీ," అంది అతని భార్య సూర్యకుమారి, ఎండుచేపలు తిరగేస్తూ. "ఆ రాయిని మాత్రం కొత్త పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు."

"మొదటి రోజు మీరే నలభై అని రాసుకున్నారు కదండీ," అన్నాడతను. "ప్రతిసారీ ఆ లెక్క తప్పకుండా పాతానండీ."

నాకు కోపం రావాలి. రాలేదు. కుదరనిదాన్ని కుదిర్చిన తృప్తి అతని ముఖంలో ఉంది. అది నాకు తెలిసిన తృప్తే.

పడవలో తీసుకెళ్లి నీటి మీద నాలుగు చోట్ల "ఇక్కడండీ" అన్నాడు. రాసుకున్నాను. ఆఫీసుకొచ్చి నేను పోసిన ఇసుకంతా మోడల్‌లోంచి తీసేశాను. తీరం కదిలింది. లెక్కను ముందుకు నడిపితే, ఏడాది తిరక్కముందే వంటపాకను దాటింది.

పైవాళ్లు మోడల్ చూసి, రాయి కదపకుండా ఒక ఏడాది కొలిచి చూపిస్తే ఊరిని జాబితాలో చేరుస్తామన్నారు. శోభనాద్రికి ఫోన్ చేసి చెప్పాను.

"మునిగితేనండీ?"

"మునగనివ్వండి. అప్పుడే కట్ట వస్తుంది."

"ఆ ముక్క కాయితం మీద రాసిస్తారా మేడం?"

రాసిచ్చాను.

నిన్న అమావాస్య. ఫోన్ చేశాడు.

"మూడు అంగలండీ. రాయి ముట్టుకోలేదు."

వెనక సూర్యకుమారి ఏదో అరుస్తోంది.

"పొయ్యి జరపమంటోందండీ," అన్నాడు. "అది జరుపుకోవచ్చాండీ?"

జరుపుకోమన్నాను.