పుస్తకం మూసి చెప్పిన పాఠం

జిలాని బాషా అర్థశాస్త్రం పుస్తకం కొన్నాడు. కాశప్ప కొనలేదు, కొనే స్తోమత లేదు. డెబ్బై ఎనిమిదిలో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి రోజూ బస్సులో పోయి బీఏ చదివే ఈ ఇద్దరికీ ఆ పుస్తకం ఒక్కటే ఆధారం. కాలేజీ లైబ్రరీలో ఉన్న ప్రతిని ఎవరో పుణ్యాత్ముడు తీసుకుపోయి తిరిగివ్వలేదు.

లెక్చరరు మొదట్లోనే ఒక మాట అన్నాడు. గీతలు గీసుకుంటూ బట్టీ కొడితే పేజీలు నలగడం తప్ప ఏమీ రాదనీ, ఒక భాగం చదవగానే పుస్తకం మూసి పక్కవాడికి సొంత మాటల్లో చెప్పాలనీ, వాడు అడిగినదానికి జవాబు తోచకపోతే ఆ పాఠం చదవనట్టే లెక్క అనీ. క్లాసంతా నవ్వి ఊరుకుంది. వీళ్లిద్దరు మాత్రం ఆ మాటను బస్సెక్కించారు. సగం దారి జిలాని చదివేవాడు, మిగతా సగం పుస్తకం మూసి చెప్పేవాడు. కాశప్ప వినేవాడు. విని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు.

ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందని జిలాని చెప్పిన రోజు కాశప్ప ఆలోచించి, "మరి విత్తే కాలంలో శెనక్కాయ విత్తనం ధర ఎంత పెరిగినా మాయమ్మ కొంటాది కదప్పా. గిరాకీ యాడ తగ్గింది?" అన్నాడు. జిలానికి ఒళ్లు మండింది. అయినా మళ్లీ పుస్తకం తెరిచి, వెతికి, తప్పనిసరి సరుకుల సంగతి ఆదోని వచ్చేలోగా చెప్పాడు. రోజూ ఇదే తంతు.

అర్ధసంవత్సరం పరీక్షలో ఆ సంగతే అడిగారు. లెక్చరరు కాశప్ప జవాబును క్లాసులో చదివి వినిపించి, పుస్తకం లేనివాడు ఇట్లా రాస్తే ఉన్నవాళ్లకేం రోగమని అడిగాడు. ఉన్నవాడికి కడుపు రగిలిపోయింది. తను చెప్పిందే కదా వాడు రాసింది.

ఇంకా కొన్ని పాఠాలు మిగిలి ఉండగా జిలాని అబద్ధం చెప్పాడు. పుస్తకం ఆలూరులోని మేనత్త కొడుక్కి ఇచ్చేశానన్నాడు. అన్నిటికీ ప్రశ్న వేసే కాశప్ప దీనికి మాత్రం వేయలేదు, తలూపాడంతే. మర్నాటి నుంచి జిలాని మొదటి బస్సు పట్టుకుని, అడ్డు తగిలేవాడు లేక హాయిగా, గబగబా పాఠాలన్నీ చదివేశాడు.

ఏడాది చివరి పరీక్షల ఫలితాలొచ్చాయి. జిలాని పాసయ్యాడు. కాశప్ప ఆ ఒక్క పేపరు తప్పాడు. సెప్టెంబరు పరీక్షలో గట్టెక్కకపోతే చదువు చాలించి నాగలి మేడి పట్టాల్సిందేనని వాళ్లమ్మ హులిగమ్మ తేల్చి చెప్పిందట. తండ్రి లేని ఇల్లు, ఆమెను అనడానికీ లేదు.

అది విన్నప్పటి నుంచి జిలానికి అన్నం సయించలేదు. వాడి నోటికాడ కూడు తనే లాగేశానని తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదన్న ధైర్యం కూడా అతన్ని కాపాడలేదు. ఒక ఆదివారం పుస్తకం సంచిలో పెట్టుకుని ఎమ్మిగనూరు పక్కనే ఉన్న కాశప్ప పల్లెకు పోయాడు.

కాశప్ప వేరుశనగ చేలో కలుపు తీస్తున్నాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నాక జిలాని పుస్తకం అతని చేతిలో పెట్టి, దీన్ని తను ఎవరికీ ఇవ్వలేదని గొణిగాడు.

"తెలుసు లేప్పా," అన్నాడు కాశప్ప. "ఒకనాడు నేనూ మొదటి బస్సెక్కినా. నువ్వు ముందు సీట్లో ఈ పుస్తకమే సదువుకుంటాంటివి. నా ప్రశ్నలతో నీ సదువు సెడిపోతాందేమో అని ఎనక కూసుంటి."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తప్పు చేసింది తను, తప్పు తనదే అనుకుని వెనక సీట్లో ఒదిగి కూర్చున్నది వాడు.

కాశప్ప పుస్తకాన్ని తిరిగి అతని ఒళ్లో పెట్టాడు. "ఎప్పట్లాగ సెప్పు, నేనింటా."

జిలాని పుస్తకం తెరవకుండానే, మిగిలిపోయిన పాఠాల్లో మొదటిది చెప్పాడు. నేలకు సారం ఎక్కువైతే దానికి కౌలూ ఎక్కువేనన్నాడు.

కాశప్ప చేను వంక చూసి, "వాన రాని ఏడాది సారమున్న నేలా, సారం లేని మా నేలా ఒకటే కదప్పా. మరి కౌలు ఎందుకు తగ్గదు?" అన్నాడు.

ఇదే పాఠం మీద పరీక్షలో పేజీలు నింపి మార్కులు తెచ్చుకున్నవాడు జిలాని. ఎంత తడుముకున్నా జవాబు తోచలేదు. లెక్చరరు చెప్పిన లెక్కన అతను ఆ పాఠం చదవనేలేదు.

"నాకు తెలీదు కాశప్పా," అన్నాడు. పుస్తకం తెరిచి, మొట్టమొదటిసారి, ఇద్దరికీ కనబడేలా మధ్యలో పెట్టాడు.