ఏ కాలు?

“కుక్కర్ రబ్బరు ఎక్కడ పెట్టావ్?”

మా ఆయన ఫోన్ చేసేసరికి నేను హాస్టల్ బాత్రూంలో మేజోళ్ళు ఉతుక్కుంటున్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని “ఫ్రీజర్లో” అన్నాను. “రబ్బరు ఫ్రీజర్లో ఎందుకుంటుంది?” అన్నారు, నేనేదో దొంగసొత్తు దాచినట్టు. అది వదులైపోయిందనీ, చల్లబడితే బిగుస్తుందనీ, ఆ పాత కుక్కర్‌కి సరిపడే రబ్బరు ఏ కొట్లోనూ దొరక్క ఏడాదిన్నరగా ఇలాగే నెట్టుకొస్తున్నాననీ చెప్పబోయాను. మొదటి ముక్క దగ్గరే “సరే సరే” అని పెట్టేశారు. ఏడాదిన్నరగా తను తింటున్న అన్నం ఎలా ఉడుకుతోందో ఆయనకి ఇవాళ తెలిసింది, అదీ సగమే.

నేను హాకీ అంపైర్ని. ఉద్యోగం బడిలో వ్యాయామం టీచరు; పిల్లలు నన్ను ఈల టీచర్ అంటారు, నాకా పేరు ఇష్టమే. ఇక్కడ జరుగుతున్నది ఇరవై ఒక్కేళ్ళ లోపు అమ్మాయిల అంతర్జాతీయ టోర్నమెంటు. ఎనిమిది దేశాలు, పది రోజులు, పన్నెండు మంది అంపైర్లం. మాలో ఇద్దరికే ఫైనల్ దక్కుతుంది. దక్కినవాళ్ళకి పై గ్రేడ్ వచ్చినట్టే, అంటే ఇకమీద పెద్దవాళ్ళ మ్యాచ్‌లు. నాకు నలభై నిండాయి. టోర్నమెంటుకి ముందు మాకు పెట్టే పరుగు పరీక్ష ఈసారి చావుతప్పి కన్ను లొట్టబోయినట్టు గట్టెక్కాను. మళ్ళీ రెండేళ్ళకి నా మోకాళ్ళు ఒప్పుకుంటాయన్న నమ్మకం లేదు. నాకు ఇదే ఆఖరి అవకాశం.

“ఈల ఊదడానికి పది రోజులా?” అన్నారాయన, నేను బయల్దేరే ముందు. స్నేహితులొస్తే ఆయన ఎప్పుడూ వేసే జోకు ఒకటుంది. “మా ఇంట్లో రెండు విజిళ్ళు. కుక్కర్దే నయం, అది కూస్తే అన్నమైనా ఉడుకుతుంది.” అందరూ నవ్వుతారు. నవ్వేవాళ్ళకి టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను. నవ్వకపోతే “ఏంటి, సరదాకి కూడా అనకూడదా” అంటారు, ఆ తర్వాత రెండ్రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినపడదు. ఆ రెండ్రోజులు భరించడం కంటే నవ్వేయడమే సులువు. పదహారేళ్ళుగా ఒకే జోకుకి నవ్వుతున్నదాన్ని, నాకంటే మంచి శ్రోత ఆయనకి ఎక్కడా దొరకదు.

ఆరేళ్ళ కిందట కూడా ఇలాంటి టోర్నమెంటుకే వెళ్ళాను. నాలుగో రోజు ఆయన నుంచి ఫోన్ వచ్చింది. “అమ్మ మెట్ల మీద జారింది. కాలు. వెంటనే రా.” మేనేజర్‌కి చెప్పి, దొరికిన రైలెక్కి, ఆరు గంటలు నిలబడే వచ్చాను. ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఎడమకాలికి కట్టు కట్టుకుని సోఫాలో కూర్చునున్నారు. చుట్టూ మా ఆడపడుచు, వాళ్ళాయన, పిల్లలు. వారం ఉండేందుకు వచ్చారట. బ్యాగు దించి వంటింట్లోకి వెళ్ళాను. వారంపాటు ఎనిమిది మందికి వండాను, మధ్యమధ్యలో అత్తయ్య కాలికి నూనె రాసి కాపడం పెట్టాను. ఒకరోజు ఆవిడ కుడికాలు చాపారు. “అత్తయ్యా, ఎడమది కదా” అన్నాను. “నొప్పి ఇటు పాకిందే అమ్మాయ్” అన్నారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. నేను కుడికాలికే నూనె రాశాను. ఆ సంగతి మళ్ళీ ఆలోచించలేదు. ఆలోచించలేదనడం అబద్ధం. ఆలోచన గుమ్మం దాకా వచ్చింది, నేనే గడియ పెట్టుకున్నాను.

ఈసారి వచ్చిన రోజు నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నాతోపాటు గదిలో ఉన్న అంపైరు వేరే దేశం మనిషి, ఆస్పత్రిలో నర్సు. “కాసేపు కూర్చో తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి” అంటుంది. మెస్సులో తిన్నాక నా ప్లేటుతోపాటు పక్కవాళ్ళ ప్లేట్లూ తీసేస్తున్నాను, అక్కడ పనిచేసేవాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. ఒకరు వడ్డిస్తే కూర్చుని తినడానికి కూడా అలవాటుండాలి. గ్యాస్ కట్టేశారా, మా అమ్మాయి లెక్కల పరీక్షకి చదివిందా, అత్తయ్య బీపీ మాత్ర వేసుకున్నారా, పాలు పొంగించేశారా... మైదానం మధ్యలో నిలబడ్డా బుర్రలో ఒక మూల ఇది తిరుగుతూనే ఉంటుంది. ఆఫీసులో ఉన్నప్పుడు మా ఆయన బుర్రలో ఏం తిరుగుతుందో ఒకసారి అడగాలి.

మూడో మ్యాచ్‌లో తప్పు చేశాను. పదకొండో నంబరు పిల్ల, చువ్వలా ఉంటుంది, బంతి తీసుకుని దూసుకొస్తోంది. ఎదురు జట్టు పిల్ల అడ్డొచ్చి కర్రతో కాలి మీద కొట్టింది. ఫౌల్. వెంటనే ఊదేశాను. కానీ పదకొండో నంబరు పడలేదు. తూలి, నిలదొక్కుకుని, అదే ఊపులో బంతిని గోల్లోకి కొట్టింది. కొట్టి ఏం లాభం, నా ఈల అప్పటికే మోగిపోయింది, గోలు చెల్లదు. ఆ పిల్ల నా వైపు చూసింది. అరిచుంటే బాగుండేది. అరవకుండా, ఇలాంటివి అలవాటేనన్నట్టు తలొంచుకుని వెనక్కి నడిచింది.

మ్యాచ్ అయ్యాక అంపైర్ల మేనేజరు పక్కకి పిలిచింది. అరవై దాటిన మనిషి, నెరిసిన క్రాపు, మాట గరుకు. “నీ కన్ను మంచిది. ఫౌల్ చూశావ్. కానీ గొడవ పెద్దదవుతుందేమోనని ముందే ఆపేశావ్. అడ్వాంటేజ్ అని ఉంది కదా, ఫౌల్ జరిగినా ఊదకుండా ఆట సాగనిస్తాం. ఎందుకు?”

“ఆట ఆగిపోకుండా” అన్నాను.

“కాదు. దెబ్బ తిన్నదానికి అందులో లాభముంటేనే సాగనిస్తాం. కొట్టినదాన్ని వదిలెయ్యడానికి కాదు. రెండడుగులు చూడు. లాభం రాలేదా, అప్పుడు ఊదు. ఆలస్యమైపోయిందని మాత్రం మానకు.”

ఆ మధ్యాహ్నమంతా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాను. మైదానంలో గొడవకి భయపడి ముందే ఊదేస్తాను. ఇంట్లో అదే భయంతో అసలు ఊదనే ఊదను. నా అంపైరింగ్ సర్టిఫికెట్ తీసేసి ఆ ఫ్రేములో ఆయన తన ఆఫీసు పిక్నిక్ ఫొటో పెట్టుకున్నారు. ఫ్రేమే కదా, పోనీ అనుకున్నాను. నా హాకీ బూట్లు ఆడపడుచు మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు తొడుక్కుని మడమలు తొక్కేసింది. బూట్లే కదా. బడి నుంచి ఆయనకంటే గంట ఆలస్యంగా వచ్చిన రోజు కూడా ఆయన టీ నేనే పెట్టాను. టీయే కదా. ఇల్లు నడుస్తోంది, అది చాలనుకున్నాను. అది ఎవరి లాభానికి నడుస్తోందో పదహారేళ్ళలో ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. అంపైర్ని కదా, చూడాల్సింది.

గురువారం మళ్ళీ ఫోన్. “ఆదివారం మా పెద్దసారు కుటుంబంతో భోజనానికొస్తున్నారు. శనివారానికల్లా వచ్చెయ్.”

“ఆదివారం ఫైనలండీ.”

“నీకిచ్చారా?”

“ఇంకా చెప్పలేదు.”

“ఇవ్వకపోతే అక్కడుండి ఏం చేస్తావ్? ఇచ్చినా, పన్నెండు మంది ఉన్నారుగా, ఇంకొకరు ఊదుతారు. మా సారుకి ఇంకొకరు వండిపెట్టరుగా.”

“చూస్తాను” అన్నాను. కాపురంలో నేను కాదు అనాల్సిన చోటల్లా చూస్తాను అంటూ వచ్చాను. ఆ మాటకి అర్థం నాకంటే ఆయనకే బాగా తెలుసు. అందుకే “సరే, వచ్చేటప్పుడు పళ్ళు పట్టుకురా” అన్నారు.

శుక్రవారం సాయంత్రం సెమీఫైనల్ నాకిచ్చారు. ఆడుతున్నది పదకొండో నంబరు జట్టే. చెరొక గోలు, ఇంకా నాలుగు నిమిషాలు. ఆ పిల్ల గోలు ముందున్న అర్ధచంద్రం గీత లోపలికి వచ్చేసింది. ఎదురు జట్టు కెప్టెన్, భుజాలు బలంగా ఉన్న పిల్ల, వెనక నుంచి కర్రతో మడమ మీద ఒకటేసింది. ఈల నా పళ్ళ మధ్యే ఉంది. ఊపిరి బిగబట్టాను. ఒక అడుగు. తూలింది, బంతి ఇంకా తన దగ్గరే ఉంది. రెండో అడుగు. బంతి జారిపోయింది, పిల్ల పడింది. అప్పుడు ఊదాను. జన్మలో అంత గట్టిగా ఊదలేదు. రెండు చేతులూ గోలు వైపు చాపి పెనాల్టీ కార్నర్ ఇచ్చాను.

“ఇప్పుడా? ఎప్పుడో అయిపోయినదానికి ఇప్పుడు ఊదుతారా?” అంటూ కెప్టెన్ మీదమీదకొచ్చింది. స్టాండ్స్‌లో సగం మంది లేచి గోల చేస్తున్నారు. ఊదాక అంపైరు సంజాయిషీ చెప్పుకోకూడదు, చెయ్యి చూపించి నిలబడాలి. మాకు మొట్టమొదట నేర్పేది అదే. నిలబడ్డాను. అడుగు వెనక్కి వెయ్యలేదు. జేబులోంచి, హెచ్చరికకి చూపించే ఆకుపచ్చ కార్డు సగం పైకి తీసేసరికి కెప్టెనే తగ్గింది. ఆ కార్నర్ గోలైంది. పదకొండో నంబరు జట్టు ఫైనల్‌కి వెళ్ళింది.

అరగంటకి మేనేజరు మా గదికొచ్చి “ఫైనల్ మీ ఇద్దరిదీ” అంది, నర్సునీ నన్నూ చూపించి. వెళ్ళబోతూ ఆగి, “నీకు ఇంటి దగ్గర ఇబ్బందేం లేదుగా?” అంది నాతో. ఆరేళ్ళ కిందట నేను మధ్యలో వెళ్ళిపోయిన సంగతి ఏ కాగితం మీదో ఉండే ఉంటుంది. లేదన్నాను. నర్సు నన్ను కావలించుకుంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, కూర్చోలేక కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాను.

అప్పుడే ఫోన్ మోగింది.

“అమ్మ బాత్రూంలో జారి పడింది. కాలు. వెంటనే రా” అని పెట్టేశారాయన.

నా చేతులు వాటంతటవే బ్యాగు సర్దడం మొదలెట్టాయి. తడి మేజోళ్ళు, తువ్వాలు, అంపైరు చొక్కా. నర్సు ఏమైందని అడిగింది. చెప్పాను. “అయ్యో” అని, తన వృత్తి కొద్దీ అడిగింది: “ఏ కాలు? వాచిందా? నేల మీద ఆనించగలుగుతోందా? ఎవరైనా చూశారా?”

నాకేం తెలీదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తెలుసుకుందామని అత్తయ్య ఫోన్‌కే చేశాను.

“అత్తయ్యా, ఎలా ఉంది? ఏ కాలు?”

అవతల ఏదో నములుతున్న చప్పుడు. “ఏ కాలేమిటే? నాకేమైందీ, దుక్కలా ఉన్నాను.” అంతలోనే “చేసేశాడా ఫోన్?” అన్నారు. గొంతు తగ్గింది. “చెయ్యొద్దన్నానే. ఈసారి నా కాలు వాడుకోవద్దురా అన్నాను.”

“ఈసారా?”

అత్తయ్య నిట్టూర్చారు. “పోయినసారి వాడు చెప్పమంటే కట్టు కట్టుకుని కూర్చున్నాను. కూతురూ అల్లుడూ వస్తున్నారు, నాకా చాతకాదు, నువ్వుంటే సుఖమనిపించింది. వారం రోజులు నూనె రాశావ్. నిద్ర పట్టలేదని చెప్పనులే, హాయిగానే పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నామోషీగా ఉంది.” మళ్ళీ తనే అన్నారు: “సాయంత్రం మీ అమ్మాయి ఫోన్లో నీ ఆట పెడితే చూశాం. ఆ గట్టి పిల్ల అంతలేసి అరుస్తుంటే కదలకుండా నిలబడ్డావే. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎప్పుడూ నిన్నలా చూళ్ళేదు.”

ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కోపం, ఆయన మీద కోపం, అన్నిటికంటే ఎక్కువ కుడికాలికి నూనె రాసిన నా చేతుల మీద. నా కళ్ళ ముందే జరిగింది కదా. “ఉంటానత్తయ్యా, బీపీ మాత్ర వేసుకోండి” అని పెట్టేశాను. అదీ అలవాటే, ఏం చేస్తాం.

ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తగానే “రైలు దొరికిందా?” అన్నారు.

“అత్తయ్యకి ఏ కాలు?”

“ఏంటి?”

“దెబ్బ ఏ కాలికి తగిలింది?”

“కాలు... ఎడమకాలు. ఇప్పుడవన్నీ ఎందుకు, ముందు బయల్దేరు.”

“ఆరేళ్ళ కిందట ఏ కాలికి తగిలింది?”

వెనక ఎక్కడో అత్తయ్యా మా అమ్మాయీ నవ్వుకోవడం వినిపించింది. అంతలోనే ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టినట్టున్నారు, ఆ నవ్వు మూసుకుపోయింది. నేను ప్రశ్న మళ్ళీ అడగలేదు, విడమరిచి చెప్పలేదు. బ్యాగులోంచి అంపైరు చొక్కా తీసి, మడత విప్పి, కుర్చీకి తగిలించాను. తర్వాత మంచం మీద కూర్చున్నాను. నర్సు ఆశ్చర్యంగా చూసింది, వచ్చిన దగ్గర్నుంచీ నేను అలా కుదురుగా కూర్చోవడం ఇదే మొదలు. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను. ఆయన జవాబు చెప్పేదాకా ఆగుతాను, నాకు తొందరేం లేదు. ఫైనల్ ఎల్లుండి.