డ్రైవు మూతి మీద బొట్టు

దసరా వెళ్లిన వారానికే గచ్చిబౌలి ఆఫీసులో, ఖాతాదారుల సమాచారాన్ని టేపుల మీద దాచే టేపు డ్రైవు మొరాయించింది. ఎర్రలైటు ఆరదు, ఏ బ్యాకప్పూ చివరిదాకా సాగదు. మేనేజరు వాసంతి వచ్చి, మొన్ననే చేరిన సెలీనాతో, "నువ్వు చూడమ్మా" అంది. ఏళ్ల తరబడి ఆ గదిని కాచుకున్న రామబ్రహ్మం పక్కనే ఉండగా అంది. కొత్త కోడలి చేతికి తాళాల గుత్తి పోయిన అత్తలా అయిపోయాడతను.

"అన్నా, మీరు సుత ఉండుండ్రి. నాకు ధైర్యం" అంది సెలీనా.

ఇట్లా తియ్యగా పిలిచే కదా అందరినీ బుట్టలో వేసింది అనుకున్నాడు.

సెలీనా డ్రైవులో ఖాతాదారులైన ఆసుపత్రి వాళ్ల టేపు పెట్టి చదివే పరీక్ష నడిపింది. చదివితే పోయేదేమీ లేదు. తర్వాత రాసే పరీక్ష తెర మీదకు తెచ్చింది. అది నడిస్తే లోపలున్న టేపు మొత్తం చెరిగిపోతుంది. అందుకే దానికి ఖాళీ టేపు పెట్టాలి. పిల్ల టేపు మార్చడం మరిచిపోయింది. డ్రైవు చెడ్డప్పటినుంచీ ఆ టేపుకు నకలూ లేదు.

రామబ్రహ్మం చూశాడు. నోరు మెదపలేదు. నొక్కనీ! సాయంత్రానికి వాసంతిగారే వచ్చి "మీరు లేనిదే కాదండీ" అంటుంది. ఆ మాట చెవిలో పడ్డంత హాయిగా ఉంది.

సెలీనా వేలు మీట మీదకు పోయింది.

"ఆగమ్మా!"

జాలితో కాదు. ఆ టేపు మీద అంటించిన చీటీ రాత తనది. పొరుగువాడి మీద ఎంత కసి ఉన్నా, తన చేనికి తానే నిప్పు పెట్టుకుంటాడా రైతు?

"లోపల ఆసుపత్రి టేపుంది. ముందు తియ్యి. దాని అంచునున్న బుల్లి తాళం జరుపు, ఇక ఎవరూ దాని మీద రాయలేరు. ఆనక ఖాళీది పెట్టు."

"యేసయ్యా! మర్శిపోయిన అన్నా. కొంప మునుగుతుండె."

టేపు తీసి, తాళం జరిపి, సెలీనా ఫోను లైటు, టేపు దూరే డ్రైవు మూతి మీద వేసింది. అంచు తుడిస్తే వేలు ఎర్రగా వచ్చింది.

"గిదేంది అన్నా? కుంకుమ?"

ఆయుధపూజ నాడు, పైన బోలెడంత రేకు ఖాళీగా ఉన్నా, ముఖమంటే మూతే అని అక్కడే రూపాయంత బొట్టు పెట్టింది రామబ్రహ్మమే. ఆ పొడే లోపలికి రాలిందన్నమాట.

సెలీనా అంచు శుభ్రంగా తుడిచి, క్లీనింగు టేపు తిప్పి, ఖాళీ టేపుతో రాసే పరీక్ష పెట్టింది. పచ్చలైటు వెలిగింది. అంతలో వాసంతి వచ్చింది.

"ఏంటటమ్మా దీని జబ్బు?"

సెలీనా ఎర్రటి వేలు చున్నీలో దాచుకుంది. "దుమ్ము, మేడమ్. అన్న ఆపబట్టి ఆసుపత్రి టేపు దక్కింది. లేకుంటే నేనే చెరిపేస్తుంటి."

"మీరు లేనిదే కాదండీ, రామబ్రహ్మంగారూ!"

కోరుకున్న మాటే. కానీ అది సెలీనా పెట్టిన భిక్షలా తగిలి, కడుపు ఇంకాస్త మండింది.

వాసంతి వెళ్లాక సెలీనా నవ్వు బిగబట్టి అంది: "వచ్చే దసరాకు బొట్టు టేబులుకు పెట్టుండ్రి అన్నా."

ఆ ఉపాయం కూడా తనకు ముందు తట్టనందుకు రామబ్రహ్మం పళ్లు నూరుకున్నాడు.