మాటు ఊడిన గిలాస

ఎనిమిదేళ్లు ఆ ఇత్తడి గిలాసను చింతపండుతో తోమింది నేనే. మా ఊరి పార్కులో నిజాం కాలం నాటి రాతి నల్లా ఉండేది. సింహం నోట్లోంచి నీళ్లు పడేవి, పక్కన గొలుసుకు గిలాస వేలాడేది. రాయి మీది ఉర్దూ అక్షరాలను గేటు దగ్గర పల్లీలమ్మే గులాబ్‌బీ ఒకసారి చదివి చెప్పింది.

"దూపైనోళ్లందరికీ అని రాసిండ్రు బిడ్డా."

దాహమైన ఆ అందరిలో నేను లేను. పార్కు ఊడ్చేదాన్ని, పైగా వెలివాడదాన్ని. తోమడానికి నా చెయ్యి పనికొచ్చేది గాని తాగడానికి నా నోరు పనికొచ్చేది కాదు. వంగి దోసిలి పట్టాలి. ఈ కట్టడి ఏ కాగితంలోనూ లేదు, పార్కు కావలివాడు ఎల్లస్వామి పెట్టిందే. వాడి మొహం చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గిలాస తోమి, నింపి, వాడు చూస్తుండగానే గటగటా తాగేశాను.

"ఏమే లీలమ్మా, కండ్లు నెత్తికెక్కినయా? గిలాస మైల చేస్తివి గదనే!"

"రోజూ తోముతున్న. అప్పుడు కాని మైల ఇప్పుడెట్లయింది?"

"నిన్ను పనిలకెల్లి తీపిస్త సూడు!"

"తీపియ్యి. తాగిన నీళ్లు కక్కిస్తవా?"

వాడు గిలాసను గొలుసు నుంచి పీకాడు. నేను పొద్దున ఊడ్చి కుప్పేసిన ఆకుల మీద ఎండుకట్టెలు పేర్చి, నిప్పంటించి, అందులో పడేశాడు. మైలపడ్డ ఇత్తడిని నిప్పుల్లో కాల్చాలని వాడి శాస్త్రం. దాని అడుగు ఎప్పుడో ఊడితే తగరంతో మాటు వేయించారు. తోమే నాకు ఆ సంగతి తెలుసు, వాడికి తెలియదు. నేను చెప్పలేదు. చేతులు కట్టుకుని చూశాను.

కట్టెతో పైకి లేపితే, తగరం కరిగి అడుగు నిప్పుల్లోనే ఉండిపోయింది. గులాబ్‌బీ పల్లీల గంప పట్టుకుని పకపకా నవ్వింది.

నా మీద ఫిర్యాదు చేయడానికి ఆఫీసుకు పోయాడు గాని, గిలాస ఎవరు కాల్చారని అడిగేసరికి వెనక్కి తిరిగొచ్చాడట. కొత్తది రాలేదు.

మరునాడు ఎండకు వాడి గొంతు ఎండింది. అటూ ఇటూ చూసి, సింహం ముందు వంగి దోసిలి పట్టాడు. నీళ్లన్నీ మోచేతుల మీదుగా కారి చొక్కా తడిసింది.

"జర ఇంకా వంగాలె అన్నా," అన్నాను. "ఎనిమిదేండ్లు దోసిలి పట్టిన, నాకెరుకే."